బీఎస్‌-6 డీజిల్ కారులో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తీసేయించొచ్చా?

ఎల్బీనగర్_డీజిల్: మూడేళ్ల కింద డీజిల్ ఎస్‌యూవీ కొన్నాను. ఆఫీసు ఇంటికి ఆరు కిలోమీటర్లు, అదీ సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ. డీపీఎఫ్ లైటు నెలకు రెండుసార్లు వెలుగుతోంది. మొన్న పికప్ పూర్తిగా పడిపోయింది. సర్వీస్ సెంటర్‌లో ఫిల్టర్ మార్చాలి, లక్ష దాటుతుందన్నారు. బయట మెకానిక్ పాతిక వేలకే ఫిల్టర్ తీసేసి రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పు) చేస్తానంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, సలహా ఇవ్వండి.

హైవే_రాజు: నేను తీసేయించా బ్రో. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. పాత లారీలు నల్లటి పొగ కక్కుతూ తిరుగుతుంటే మన ఒక్క కారు వల్ల ఏమవుతుంది? సిటీలో ఇలా అవుతుందని అమ్మేటప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు. ఖర్చు మాత్రం మనమే పెట్టుకోవాలా?

పిల్లల_తల్లి: రాజు గారూ, అమ్మేటప్పుడు చెప్పకపోవడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ సర్టిఫికెట్‌ను నమ్ముకోకండి. డీజిల్ బండికి ఆ టెస్టులో చూసేది యాక్సిలరేటర్ తొక్కితే పొగ ఎంత చిక్కగా వస్తుందనే. కంటికి ఆనని సన్నటి మసిని అది కొలవదు. ఊపిరితిత్తుల లోపలికి పోయేది ఆ మసే. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. బీఎస్‌-4 పొగ నిబంధనల ప్రకారం డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి వదలొచ్చు. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 వచ్చాక అది 4.5 మాత్రమే. ఆ తేడా తెచ్చింది ముఖ్యంగా ఈ ఫిల్టరే. మా బాబుకు ఉబ్బసం. స్కూలు గేటు దగ్గర ఇంజిన్ ఆపకుండా నిలబెట్టే బండ్ల పక్కనే వాడు రోజూ నడవాలి. లారీ వదులుతోంది కదా అని మనమూ వదిలితే వాడు పీల్చేది ఇంకాస్త పెరుగుతుంది, అంతే. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మార్పు నేరం.

పాత_మెకానిక్: తమ్ముడూ, తీసేయడం, కొత్తది వేయడం రెండూ ఆపు. ఫిల్టర్‌లో చేరిన మసి దాదాపు 600 డిగ్రీల వేడికి కాలిపోవాలి. ఆ వేడి కోసం ఇంజిన్ అదనంగా డీజిల్ కొడుతుంది. ఆరు కిలోమీటర్లకే నువ్వు బండి ఆపేస్తే పని సగంలో ఆగి, ఆ డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ముందు స్కానర్ పెట్టించి ఫోర్స్‌డ్ రీజనరేషన్ (ఫిల్టర్‌లోని మసిని బలవంతంగా కాల్చడం) చేయించు. ప్రెజర్ సెన్సర్, ఇంజెక్టర్లు చూపించు. వాటి లోపానికి ఫిల్టర్ బలైన బండ్లు చాలా చూశాను. మసి కాలుతుంది గానీ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, అందుకే తక్కువ బూడిద ఆయిలే పోయించాలి. తర్వాత వారానికోసారి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి అరగంట ఆగకుండా నడుపు. అదీ కుదరకపోతే ఈసారి పెట్రోల్ బండి కొనుక్కో. నీ తిరుగుడుకు డీజిల్ సరిపడదు.

హైవే_రాజు: అన్నా, ఈ స్కానర్ సంగతి నాకెవరూ చెప్పలేదు. తీసిన ఫిల్టర్ ఇంట్లోనే ఉంది. మళ్లీ బిగించొచ్చా?

పాత_మెకానిక్: పగుళ్లు లేకపోతే బిగించొచ్చు. పాత సాఫ్ట్‌వేర్ కూడా తిరిగి ఎక్కించాలి. బండి తీసుకురా, చూద్దాం.

ఎల్బీనగర్_డీజిల్: అన్నా, ఇప్పుడే స్టిక్ తీసి చూశాను. ఆయిల్ మాక్స్ గీత దాటి వేలెడు పైకి ఉంది. ఇలాగే ఓఆర్ఆర్ ఎక్కొచ్చా?

పాత_మెకానిక్: వద్దు. అది డీజిల్ కలిసిన ఆయిల్. అసలు బండి స్టార్టే చేయకు, ముందు ఆయిల్ మార్పించు.