టూరిస్టుల ముందు థింసా ఆడితే పెళ్లికి అడ్డమా?

ప్రశ్న (డుంబ్రిగుడ అన్నయ్య):
మేం కొండదొర గిరిజనులం. మా చెల్లి చాపరాయి దగ్గరా, అరకు రిసార్టుల్లోనూ మా గిరిజన నాట్యం థింసా ఆడే జట్టులో ఉంది. చలికాలం సీజన్‌లో తమ్ముడి చదువు ఖర్చు, ఇంట్లో సరుకులు చాలావరకు ఆ డబ్బుతోనే. పాడేరు వైపు నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి వంజంగి కొండకొచ్చే వాళ్లకి టెంట్లు అద్దెకిస్తాడు, మంచివాడే. ఓలి, అంటే అబ్బాయి వాళ్లు పిల్ల ఇంటికిచ్చే సొమ్ము కూడా మాట్లాడుకున్నాం. తీరా లేచే ముందు వాళ్ల నాన్న "పెళ్లయ్యాక టూరిస్టుల దగ్గర ఆట మానెయ్యాలి" అన్నారు. పెళ్లిళ్లలో, చైత్ర పండక్కి అయితే ఆడొచ్చట. కొడుకు టూరిస్టుల డబ్బు తెస్తే లేని తప్పు కోడలు తెస్తే ఎలా వచ్చింది? చెల్లి అప్పట్నుంచి సరిగ్గా తినడం లేదు.

జవాబు (థింసా అక్క):
తమ్ముడూ, నేను ఇద్దరు పిల్లల తల్లిని, ఇంకా ఆడుతున్నాను. వాళ్ల భయం ఉత్తిది కాదు. మేం ఒకరి వెనక ఒకరం చేతులు పెనవేసుకుని వరసగా ఆడతాం కదా, రాత్రి మంట దగ్గర తాగినవాళ్లు ఆ చేతులు విడదీసి మధ్యలో దూరతారు, ఫోటో అంటారు. అందుకే మా జట్టు చీకటి పడ్డాక ఒప్పుకోదు. ఎవరైనా హద్దు దాటితే మావాళ్లు మోరి (ఊదే వాయిద్యం), డప్పు ఆపేస్తారు, ఆట ఆగిపోతుంది.
కానీ మా ఇంట్లో అసలు గొడవ డబ్బు దగ్గర వచ్చింది. ఇదివరకు మొత్తం వాయించే మగవాళ్ల చేతికే ఇచ్చేవారు. ఇప్పుడు ఎవరి వాటా వాళ్ల ఫోన్‌కే వేయిస్తున్నాం. మా ఆయన కొన్నాళ్లు ముఖం మాడ్చుకున్నాడు. మీ చెల్లి ఖాతా ఎవరి పేరున ఉందో ముందు చూడు.

జవాబు (పాడేరు మాస్టారు):
ఆ పెద్దాయన మనసులో ఇంకో భయం ఉండొచ్చు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది. అందుకని బయటివాళ్లు కొందరు మన అమ్మాయిని పెళ్లి చేసుకున్నామని చెప్పి, ఆమె పేరు మీద స్థలం కొని లాడ్జి కడతారు. సంతకం ఆమెది, పెత్తనం వాళ్లది. కింద ఊళ్లో వాళ్లకి వేరే సంసారం ఉంటుంది. రిసార్టు అనగానే పెద్దవాళ్లకి అదే గుర్తొస్తుంది. దానికి మందు ఆడపిల్లని ఇంట్లో కూర్చోబెట్టడం మాత్రం కాదు. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని నేర్పండి.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, మాస్టారూ, దండాలు. చెల్లికి మీ ఇద్దరి జవాబులూ చదివి వినిపించాను. పగలు ఆడతానని, డబ్బు తన ఖాతాలోనే ఉంటుందని చెప్పింది. ఈ మాట నేను కాదు, తనే అబ్బాయికి ఫోన్‌లో చెబుతానంది. అతను ఒప్పుకుంటేనే ఓలి తీసుకుంటాం.