మస్టర్డ్ గ్యాస్ తగిలిన పిల్లలకు ఏళ్ల తర్వాత కూడా ఆయాసం ఎందుకు? పురుగుమందు కేసులతో పోల్చి చెప్పొచ్చా?

గుంటూరు_నర్సింగ్_ట్యూటర్:
రసాయన ఆయుధాల మీద క్లాసు చెప్పాలండీ. మన జిల్లా విద్యార్థులకు పురుగుమందు తాగిన కేసులు, విరుగుడుగా అట్రోపిన్ ఇవ్వడం బాగా తెలుసు. దాన్నే ఆధారం చేసుకుని, ఇరాక్ సైన్యం రసాయన దాడి చేసిన సర్దష్త్ (ఇరాన్), హలబ్జా (ఇరాక్) ఊళ్ల సంగతి చెప్పొచ్చా? పిల్లల మీద పడే దీర్ఘకాలిక ప్రభావం ముఖ్యంగా కావాలి.

విషవైద్యం_బెజవాడ:
సారిన్ అనే నాడీవిషం వరకు పోలిక సరిపోతుంది. మోనోక్రోటోఫాస్ పురుగుమందు లాగే అదీ నరాల సంకేతాలను ఆపే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌నే పట్టుకుంటుంది. కనుపాప చిన్నదవడం, చొంగ, ఛాతీలో నీళ్ల చప్పుడు, అన్నీ అవే. అట్రోపిన్ కూడా ఛాతీ శబ్దం శుభ్రపడేదాకా ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తూ పోవడమే. కనుపాప పెద్దదవలేదని మందు పెంచుకుంటూ పోవడం, గుండె వేగంగా ఉందని మందు ఆపేయడం, రెండూ తప్పే. తేడా ఆ ఎంజైమ్‌ను విషం నుంచి విడిపించే మందు ప్రాలిడాక్సిమ్ దగ్గర వస్తుంది. సారిన్ పట్టు సుమారు ఐదు గంటల్లో గట్టిపడిపోతుంది, సోమన్ అనే మరో నాడీవిషానిది రెండు మూడు నిమిషాల్లోనే. ఆ తర్వాత ప్రాలిడాక్సిమ్ ఇచ్చినా ఎంజైమ్ తిరిగి రాదు. 1995 టోక్యో సబ్‌వే దాడి బాధితుల్లో కొందరికి కళ్ల అలసట, పీడకలలు ఏళ్ల తరబడి ఉన్నాయి.

కానీ 1987 జూన్ 28న సర్దష్త్ ఊరి మీద పడింది మస్టర్డ్, అంటే చర్మాన్ని బొబ్బలెక్కించి కళ్లు, ఊపిరితిత్తులను కాల్చే విషం. హలబ్జాలో 1988 మార్చి 16న మస్టర్డ్‌తో పాటు నాడీవిషాలు కూడా వాడారు. మస్టర్డ్‌కు పురుగుమందు పోలిక అస్సలు పనికిరాదు. దానికి విరుగుడే లేదు.

ఊపిరి_గుంటూరు:
పేరు చూసి మోసపోవద్దు. ఆవాలకూ దీనికీ సంబంధం లేదు, వాసనను బట్టి వచ్చిన పేరు. తగిలిన నిమిషాల్లోనే కణాల డీఎన్‌ఏకు అతుక్కుంటుంది, నొప్పి మాత్రం గంటల తర్వాతే. అందుకే జనం కడుక్కోకుండా తిరుగుతారు. తొలి ఒకటి రెండు నిమిషాల్లో కడిగితేనే నిజమైన లాభం. ఆలస్యమైనా బట్టలు కత్తిరించి తీసి, సబ్బునీళ్లతో కడగాల్సిందే. బట్టలు తల మీదుగా లాగితే ముఖానికి పూసినట్టే. బొబ్బల్లోని నీటిలో మాత్రం విషం ఉండదు, డ్రెస్సింగ్‌కు భయపడక్కర్లేదు.

మీరడిగిన ఆయాసానికి కారణం సన్నని గాలిగొట్టాలు మచ్చకట్టి ఇరుకైపోవడం. దాన్ని బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరాన్స్ అంటారు. ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉండొచ్చు. అది చూసి "ఏమీ లేదు, భయమే" అని పంపేయడం బాధితులకు జరిగే పెద్ద అన్యాయం. గాలి పూర్తిగా వదిలాక హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను సన్నని పొరలుగా చూపే సీటీ స్కాన్) తీస్తే లోపల చిక్కుకున్న గాలి మచ్చలుమచ్చలుగా కనబడుతుంది. ఉబ్బసంలో ఇన్హేలర్‌తో వచ్చేంత తేలిక వీళ్లకు రాదు. పొగ, దుమ్ము వీళ్లకు పడవు. మన మిర్చి యార్డు ఘాటు ఎలాంటిదో విద్యార్థులకు తెలుసు కాబట్టి, అలాంటి చోట ఈ ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తాయో ఊహించమనండి. ఏటా ఫ్లూ టీకా తప్పనిసరి.

గుంటూరు_నర్సింగ్_ట్యూటర్:
పిల్లలకే ఎందుకు ఎక్కువ?

విషవైద్యం_బెజవాడ:
ఆవిరి గాలికన్నా బరువు, నేలను అంటిపెట్టుకుంటుంది. పిల్లల ముక్కు ఆ ఎత్తులోనే ఉంటుంది. ఊపిరి వేగం ఎక్కువ, చర్మం పలుచన, బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. అందుకే లక్షణాలు పెద్దలకన్నా ముందే, తీవ్రంగా వస్తాయి. కడిగేటప్పుడు గోరువెచ్చని నీళ్లు వాడి వెంటనే తుడవాలి, లేకపోతే ఒళ్లు చల్లబడి ఇంకో ప్రమాదం. తెల్లకణాలు మూడో రోజు నుంచి పడిపోవచ్చు, రక్తపరీక్ష మళ్లీ మళ్లీ చేయాలి. ఐదారేళ్ల లోపు పిల్లలు స్పైరోమెట్రీ (ఊపిరి ఊదించి కొలిచే పరీక్ష) సరిగా ఊదలేరు కాబట్టి ఆటలో అలసట, రాత్రి దగ్గు తల్లినే అడగాలి.

కంటి సంగతి విడిగా చెప్పండి. నల్లగుడ్డు మానిపోయిందనుకున్నాక పదిహేను, ఇరవై ఏళ్లకు కూడా మళ్లీ పుండ్లు పడతాయి. ఎనిమిదేళ్లప్పుడు గ్యాస్ తగిలిన మనిషి పాతికేళ్లకు కళ్లమంటతో వస్తే, ఆ పాత సంగతి అడగకపోతే కారణం దొరకదు.