నర్సింగ్ సీట్లు పెంచమంటున్నారు సరే, నేర్చుకోడానికి పేషెంట్లని ఎక్కడ్నించి తెస్తారు?

గాజువాక_నాన్న:
మా అమ్మాయి బైపీసీ అయిపోయింది, బీఎస్సీ నర్సింగే చేస్తానంటోంది. కన్వీనర్ కోటాలో మంచి కాలేజీ వచ్చేలా లేదు, మేనేజ్‌మెంట్ సీటంటే ఫీజు, హాస్టలు, బస్సు, యూనిఫాం అని ఒక్కోటీ కలుపుతుంటే చెమటలు పడుతున్నాయి. ఏ ఆసుపత్రికెళ్ళినా సిస్టర్లు చాలట్లేదనే మాటే, మరి గవర్నమెంట్ కాలేజీల్లో సీట్లు డబుల్ చేస్తే ఏటి నష్టం? 2023 బడ్జెట్‌లో మెడికల్ కాలేజీల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలు పెడతామన్నారు కదా, ఫిజియోథెరపీ, ల్యాబ్ కోర్సులు కూడా అలాగే పెంచేయాలంటాను. కాదన్నవాళ్ళు కారణం చెప్పండి, తిట్టొద్దు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
అన్నా, నేను కాదంటాను. మా బ్యాచ్ 60 మంది. పోస్టింగుకి వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు, అదే వార్డుకి ఇంకో రెండు కాలేజీల పిల్లలూ దిగేవారు, పైగా జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్ళు. ఒక ముసలాయన చుట్టూ పన్నెండు మందిమి నిలబడి వంతులేసుకుని బీపీ చూస్తే ఆయన ఆఖరికి "అమ్మా, నా చెయ్యి ఊడొచ్చేలా ఉంది, ఇంక ఒగ్గేయండి" అన్నాడు. ఆ తర్వాత రికార్డులు రాసుకోడం, బస్సెక్కడం. కాథెటర్ (మూత్రం గొట్టం) వేసినట్టు నా ప్రొసీజర్ బుక్‌లో ఐదు సంతకాలున్నాయి, నిజంగా వేసింది ఒక్కటి, అదీ సగం సీనియర్ సిస్టరే వేసింది. ఉద్యోగంలో చేరిన మూడో రోజు రాత్రి విరేచనాలతో వాడిపోయిన చంటిపాపని తెచ్చారు, నరం దొరకలేదు, మూడుసార్లు గుచ్చాను, వాళ్ళమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు, చివరికి ఆయా పరిగెత్తి పక్క వార్డు సిస్టర్‌ని పిలుచుకొచ్చింది. నాలుగేళ్ళ చదువు అప్పుడెక్కడికి పోయిందో. నర్సింగ్ కౌన్సిల్ రూలు ప్రకారం ఒక స్టూడెంట్‌కి ముగ్గురు పేషెంట్లుండాలి, అంటే 60 మంది ఒకేసారి వెళ్తే 180 మంది కావాలి. క్లాసులో బెంచీలు రెండ్రోజుల్లో వేయించేస్తారు, పేషెంట్లని ఎక్కడ్నించి తెస్తారు? నేర్పే ట్యూటర్లని ఎక్కడ్నించి తెస్తారు?

ఏజెన్సీ_బావ:
మేడమ్, మీకు వైజాగ్‌లో పేషెంట్లు తక్కువా? కేజీహెచ్, అదే మన పెద్ద గవర్నమెంట్ ఆసుపత్రికి, ఒడిశా నుంచి కూడా వస్తారు. కాలేజీలన్నీ పొద్దున్నే ఒకే టైముకి ఒకే వార్డులో దిగిపోతే రద్దీ కాక ఏమవుద్ది, సాయంత్రం షిఫ్టుకి ఎవడైనా పంపుతున్నాడా? మా ఏజెన్సీలో, పాడేరు పైన కొండ ఊళ్ళలో ఇప్పటికీ గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తున్నారు. మెడికల్ కాలేజీ వచ్చింది కదా, సీట్లు పెంచితే అక్కడ పెంచండి, మా పిల్లలకే ఇవ్వండి. మా కువి, ఆదివాసీ ఒడియా భాషలు వచ్చిన సిస్టర్ ఉంటే ముసలమ్మ నొప్పి ఎక్కడో ఎప్పట్నించో చెప్తాది, లేదంటే అన్నిటికీ తలూపి మాత్రలు పట్టుకుని పోద్ది. సిటీలో చదివిన పిల్ల మా ఘాట్ రోడ్డెక్కి ఎన్నాళ్ళుంటాది, ట్రాన్స్‌ఫర్ కాగితం పట్టుకునే ఎక్కుతాది.

జర్మన్_క్లాసులో_ఉన్నా:
నాకు ప్రైవేట్‌లో 14 వేలు, నైట్‌లో ఒక్కదాన్నే రెండు వార్డులు. జర్మన్ భాషలో బీ-టూ పరీక్ష పాసైతే జర్మనీ వెళ్ళిపోతా. ఇంకో వంద సీట్లు పెంచండి, ఇంకో వంద మంది ఫ్లైటెక్కుతారు.

గాజువాక_నాన్న:
అమ్మా నీ కోపం అర్థమైంది, కానీ 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకైనప్పుడు వెంకటాపురం నుంచి వందల మందిని ఒక్కసారే కేజీహెచ్‌కి తెచ్చారు, మా మరదలు వాళ్ళూ అందులో ఉన్నారు. ఆ పొద్దున అటూ ఇటూ పరిగెత్తిన సిస్టర్లని చూశాను నేను, ఇంకో పదిమంది ఉంటే బాగుండుననిపించింది. అలాంటి రోజుకి మనుషులు కావాలి కదా?

ఎంఎస్‌డబ్ల్యూ_అక్క:
సోషల్ వర్కర్ల ఊసే ఎత్తలేదు ఎవ్వరూ, అలవాటే లెండి. నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేశాను. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లని కూడా చేర్చారు, కాగితం మీద మేమూ వైద్య సిబ్బందే. వార్డులో చూస్తే, పక్షవాతం వచ్చిన ఆటో డ్రైవర్‌ని డిశ్చార్జ్ చేస్తారు, రోజూ ఫిజియోథెరపీ చేయించమని చీటీలో రాస్తారు, ఆ మనిషిది కొండవాలు ఇల్లు, మెట్లే వంద, వాళ్ళావిడ ఇళ్ళల్లో పనికి పోకపోతే పొయ్యి వెలగదు. ఎవరు చేయిస్తారు, పెన్షన్ కాగితాలు ఎవరు పెట్టిస్తారు? అది మా పని. నాతో చదివినవాళ్ళలో సగం మంది బ్యాంకుల్లో, హెచ్‌ఆర్‌లో ఉన్నారు. మాకు సీట్లు పెంచొద్దు బాబూ, ముందు పోస్టులు వేయండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
బావగారూ, సాయంత్రం షిఫ్టు మాట ఒప్పుకుంటా, అది నాకు తట్టలేదు. పీహెచ్‌సీలకీ ఏరియా ఆసుపత్రులకీ కూడా పంచి పంపిస్తే పాడేరులో పెంచడం నాకూ ఇష్టమే, కాకపోతే ట్యూటర్ కూడా పిల్లలతో కొండెక్కాలి, సంతకాలు పెట్టి దిగిపోతే మళ్ళీ నా కథే. అన్నా, మీరన్న పదిమందీ నాలాగ నరం దొరక్క నిలబడిపోతే ఆ పొద్దున ఏం లాభం చెప్పండి?

గాజువాక_నాన్న:
సరేనమ్మా, ఆ ఒక్కటీ నిజమే. ఇంతకీ మా పిల్లని ఎక్కడ చేర్చమంటావు?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
పేరు చెప్పను గానీ, సీటు కట్టేముందు ఒకరోజు పొద్దున్నే కాలేజీ గేటు దగ్గర నిలబడి బస్సు ఏ ఆసుపత్రికి వెళ్తుందో చూడండి, వెనకాలే వెళ్ళండి. థర్డ్ ఇయర్ పిల్లలు టీ తాగడానికి బయటికొస్తారు, సొంతంగా ఎన్ని ఇంజెక్షన్లు చేశావమ్మా అని అడగండి. లెక్క చెప్పకుండా నవ్వితే ఇంటికొచ్చేయండి.