1/24 క్రాలర్‌ని 1/18కి పెంచడం: లింకులు, టైర్లు మారిస్తే సరిపోతుందా?

చిట్టిచక్రం:
నా దగ్గర యాక్సియల్ ఎస్‌సీఎక్స్24 ఉంది. అది 1/24 (అసలు బండిలో 24వ వంతు) సైజు క్రాలర్, అంటే రాళ్లు ఎక్కే రిమోట్ బొమ్మ బండి. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) దాదాపు 134 మి.మీ. ఒక 1/18 బాడీ చేతికొచ్చింది, దానికి 155 కావాలి. వెనక లింకులు (యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే కడ్డీలు) పొడుగువి వేసి, 64 మి.మీ. టైర్లు తొడిగితే పని అయిపోతుందా? మోటారు, సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) పాతవే ఉంచుదామని ఆలోచన. ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

రాళ్లబాట:
చేశాను. చేతులు కాల్చుకున్నాను కూడా, మాట వరసకి కాదు, నిజంగానే.

ముందు లెక్క చూడండి. 24 నుంచి 18 అంటే పొడవు 1.33 రెట్లు. ప్రతి ముక్కా అదే కొలతలో పెరిగితే బరువు దాదాపు 2.4 రెట్లవుతుంది. చక్రం కూడా పెద్దదైంది కాబట్టి అదే వాలు ఎక్కడానికి కావలసిన టార్క్ (తిప్పే బలం) 3 రెట్లు దాటుతుంది. మీరు బాడీ, టైర్లు మాత్రమే మారుస్తున్నారు గనక అంత ఉండదు. కానీ నేను ఈ లెక్క వేసుకోకుండా దిగాను. పది నిమిషాలు రాళ్ల మీద నడిపి, మోటారు మీద వేలు పెట్టి వెంటనే లాగేసుకున్నాను. కాలిన వార్నిష్ వాసన. ఆ మోటారు మళ్లీ తిరగలేదు.

పెద్ద మోటారు పెడదామంటే ఇంకో చిక్కు. నా బండిలో రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునేది), ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసేది) ఒకే బోర్డు మీద ఉన్నాయి. మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆ బోర్డు తట్టుకోదు. అంటే అది మార్చాలి, దానికి జత కుదిరే రిమోటూ మార్చాలి. తీగ లాగితే డొంకంతా కదిలింది.

లింకుల దగ్గర ఒక్క జాగ్రత్త. పైవి, కిందివి సరైన నిష్పత్తిలో పెంచకపోతే యాక్సిల్ ముందుకో వెనక్కో తిరిగిపోతుంది, డ్రైవ్‌షాఫ్ట్ (యాక్సిల్‌కి శక్తి అందించే కడ్డీ) జాయింటు వంకరగా పనిచేస్తుంది. నేను కిందివి మాత్రమే మార్చి మురిసిపోయాను. బండి కదిలితే కటకటమని చప్పుడు. ఇంకోటి: డ్రైవ్‌షాఫ్ట్ ఒకదానిలో ఒకటి జారే రెండు ముక్కలు. వీల్‌బేస్ 21 మి.మీ. పెరిగితే లోపల మిగిలే పట్టు తగ్గుతుంది. చక్రం గాల్లో వేలాడినప్పుడు నాది ఊడి కిందపడింది. పొడుగు షాఫ్ట్ కూడా వేయండి.

ఇత్తడిబరువు:
అంత శ్రమ ఎందుకండీ? మొదటినుంచీ 1/18గా తయారైనది కొనేయొచ్చుగా. ట్రాక్సాస్ టీఆర్‌ఎక్స్‌-4ఎం వీల్‌బేస్ 155 మి.మీ.నే. బాడీ మౌంట్లు సరిచేసుకుంటే చాలు.

రాళ్లబాట:
కొనేయడం తేలికే, ఒప్పుకుంటాను. కానీ విప్పి బిగించడంలోనే కదా సగం సరదా. నాకైతే ఇది బండి నడపడం కన్నా స్క్రూలు పోగొట్టుకునే హాబీ.

చిట్టిచక్రం గారూ, చేయదలిస్తే ఇలా చేయండి. టైర్లు 64 వద్దు, 58 దగ్గర ఆగండి. పినియన్ (మోటారుకి తగిలించే చిన్న గేరు) ఒక పన్ను తగ్గించండి, వేగం పోయినా బలం వస్తుంది. మార్చాక గేర్లు బిగుసుకోకుండా, మరీ వదులుగా ఉండకుండా చూసుకోండి. పోర్టల్ యాక్సిల్ దొరికితే ఇంకా మంచిది: చక్రం దగ్గరే మరో గేర్ తగ్గింపు ఉంటుంది, యాక్సిల్ కూడా నేలకి ఎత్తుగా ఉంటుంది. బాడీ వెడల్పు కోసం చక్రాలను బయటికి నెట్టే హబ్బులు మాత్రం ఎక్కువ వాడకండి. స్టీరింగ్ బరువవుతుంది, రెండు రాళ్ల మధ్య చక్రం ఇరుక్కుంటే సర్వో పళ్లు రాలిపోతాయి. నావి రెండుసార్లు రాలాయి. సర్వో పాతది ఉంచడం నాకు ఇష్టం లేదు, లోహపు గేర్లది పెట్టండి. బ్యాటరీని ముందు యాక్సిల్ వైపు జరపండి, ఏటవాలులో వెనక్కి తిరగబడటం తగ్గుతుంది.

చిట్టిచక్రం:
58 టైర్లతోనే మొదలుపెడతాను. నిన్న బాడీని ఊరికే పైన పెట్టి చూశాను. ముందు చక్రాలు సరిగ్గానే ఉన్నాయి, వెనకవి మాత్రం ఫెండర్‌లోకి ఒక వేలు దూరేంత లోపలికి ఉన్నాయి. మీరన్న హబ్బులు అక్కడే గుర్తొచ్చాయి. ఎంతవరకు సేఫ్ అంటారు?

రాళ్లబాట:
నేను ఒక్కో వైపు 4 మి.మీ. వరకు వెళ్లాను, అంతకు మించి ధైర్యం చేయలేదు. అదీ వెనక చక్రాలకే. ముందువాటికి వేయకండి.