లోకల్ చానల్ తెలుగు బులెటిన్‌కి చవగ్గా ఆటోమేటిక్ క్యాప్షన్లు: ఎలా?

బరంపురం_కేబుల్: ఒడిశాలో మాది తెలుగు చానల్. అరగంట బులెటిన్, రికార్డెడే. వినపడనివాళ్ల కోసం కింద అక్షరాలు వేయాలి. మధ్యమధ్య ఒడియా బైట్లుంటాయి (జనం మాట్లాడే ముక్కలు). ఏ సాఫ్ట్‌వేర్, ఏ గ్రాఫిక్స్ కార్డు?

ఎడిట్_టేబుల్: మాటని అక్షరాల్లోకి మార్చే ఏఐ సాఫ్ట్‌వేర్ విస్పర్ ఉచితం. ఫైనల్ వీడియో ఆడియో మాత్రం ఇవ్వకండి, టైటిల్ మ్యూజిక్ మీద ఎవరూ అనని మాటలు పుట్టిస్తుంది. భాషని మొదటి 30 సెకన్లు విని తేల్చుకుంటుంది కాబట్టి తెలుగు అని మీరే సెట్ చేయండి. మిక్సర్‌లోంచి యాంకర్ మైక్ ట్రాక్ విడిగా తీయండి. ఒకే వాక్యం మళ్లీమళ్లీ వస్తుంటే, వెనకటి వాక్యాన్ని ఆధారం చేసుకునే సెట్టింగ్ ఆపేయాలి.

పర్లాకిమిడి_వాసి: విస్పర్ భాషల్లో ఒడియా లేనే లేదు! ఆ బైట్లు కోసి ఏఐ4భారత్ వాళ్ల ఇండిక్ కన్ఫార్మర్‌కి ఇవ్వాలి, అదీ విస్పర్ లాంటిదే, ఒడియా వచ్చు. అయినా ఒడియా మీడియంలో చదివిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. తెలుగు మాటలే ఒడియా లిపిలో వేయండి.

గుణుపురం_తెలుగు: మాట సగం పోయింది, లిపి కూడా వదిలేయమంటారా? ఊళ్లో తెలుగు అక్షరం కనపడేదే ఆ టీవీలో.

పర్లాకిమిడి_వాసి: చదవలేని క్యాప్షన్ ఎవరికండీ? వినపడని పిల్లాడికి మీ అభిమానం కాదు, వార్త కావాలి. పనీ తేలికే. యూనికోడ్‌లో (కంప్యూటర్‌లో అక్షరాల నంబర్ల పట్టిక) ప్రతి తెలుగు అక్షరానికీ 256 స్థానాల వెనక దాని ఒడియా జోడీ ఉంటుంది.

డీటీపీ_మేస్త్రి: తెలిసీ తెలియక చెప్పకండి. రెండు లిపుల కంపోజింగూ నా వృత్తి. ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు. గుణింతాల్లో కూడా వాటిని ఏ, ఓ చేయకపోతే ఖాళీ డబ్బాలొస్తాయి. య ఉన్నదున్నట్టు దింపితే 'జ' అని చదువుతారు, 'య' శబ్దానికి వేరే అక్షరముంది. ఇక తెలుగులోనే వేస్తే వీడియో మార్చే ఉచిత ప్రోగ్రామ్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ పాత వెర్షన్లలో, అక్షరాలు వేసే డ్రాటెక్స్ట్ ఫిల్టర్ వత్తులు విడగొడుతుంది. ఎస్ఆర్‌టీ ఫైలుని (టైముతో సహా క్యాప్షన్లుండేది) దాంట్లోని సబ్‌టైటిల్స్ ఫిల్టర్‌తో ఎక్కించండి. రెండు లైన్లు చాలు, ప్రకటనల స్క్రోలింగ్‌కి పైన.

గుణుపురం_తెలుగు: రెండు ఫైళ్లూ తయారుచేయొచ్చుగా? ఒక పూట తెలుగులో, రిపీట్ టెలికాస్ట్ ఒడియా లిపిలో. పూర్తిగా తీసేస్తే మాత్రం ఒప్పుకోను.

బరంపురం_కేబుల్: కార్డు సంగతి ఎవరైనా చెప్పండి బాబూ.

ఎడిట్_టేబుల్: విస్పర్ లార్జ్ మోడల్‌కి దాదాపు 10 జీబీ వీరామ్ (గ్రాఫిక్స్ కార్డు మెమరీ), టర్బో మోడల్‌కి 6. దాని వేగవంతమైన రూపం ఫాస్టర్ విస్పర్‌లో, మెమరీ తగ్గించే ఇంట్8 సెట్టింగ్ పెడితే ఇంకా తక్కువలో నడుస్తుంది. రాయగడ, ఛత్రపురం లాంటి పేర్లు ప్రాంప్ట్‌లో (విస్పర్‌కి ముందుగా ఇచ్చే సూచన) ఇవ్వండి, కొన్నే. హద్దు 224 టోకెన్లు (మాటల చిన్న ముక్కలు), తెలుగు వాటిని త్వరగా తినేస్తుంది. ఆ తర్వాత కూడా పేర్లూ అంకెలూ ఒక మనిషి చూడందే ఎయిర్‌కి పంపకండి.