"నీకేదీ చేతకాదు" అనే మాట తలలోంచి పోవడం లేదు. ఎవరైనా దీన్నుంచి బయటపడ్డారా?

సుద్దముక్క:
నాకు 36 ఏళ్లు. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేశాను. పాప పుట్టకముందు ఐదేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పాను, ఆ తర్వాత ఏడేళ్లుగా ఇంట్లోనే ఉన్నాను. పోయిన నెల ధైర్యం చేసి ఒక స్కూల్లో డెమో క్లాసుకి వెళ్లాను. వర్గ సమీకరణాలు, నాకు కొట్టిన పిండి. బోర్డు మీద లెక్క వేసి, 5ని అటు పంపి, వర్గం పూర్తి చేయడానికి ఎడమ పక్క 9 కలిపాను, కుడి పక్క కలపడం మర్చిపోయాను. ముందు బెంచీ బాబు లేచి "టీచర్, ఆ పక్క 9 వేయలేదు" అన్నాడు. అంతే, చేతిలో సుద్ద పుటుక్కున విరిగింది, చెవుల్లో హోరు, తర్వాత పది నిమిషాలు ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

లోపల ఒకటే మాట. "నీకెందుకే ఇవన్నీ, నీకేదీ చేతకాదు." చిన్నప్పుడు గ్లాసు జారినా, మార్కులు తగ్గినా మా ఇంట్లో పెద్దవాళ్లు "దీని చేతికి ఏదిచ్చినా అంతే" అనేవాళ్లు. ఇప్పుడు అనేవాళ్లెవరూ లేరు, నేనే అనుకుంటున్నాను. అన్నం కాస్త మెత్తబడినా అదే మాట. మా ఆయన "ఒక్క లెక్కేగా, వదిలెయ్" అంటారు, కానీ వదలడం నా చేతిలో లేదు. నిద్ర కూడా సరిగా పట్టడం లేదు. మొన్న ఇంకో స్కూల్ వాళ్లు డెమోకి రమ్మని ఫోన్ చేస్తే ఎత్తలేదు. మీలో ఎవరికైనా ఇలా ఉండేదా? ఎలా తగ్గింది?

గోదారిగట్టు:
అక్కా, మీరు రాసింది చదువుతుంటే నా పాత నోట్‌బుక్ చదివినట్టే ఉంది. మూడేళ్ల క్రితం ఉద్యోగం పోయినప్పుడు నాకూ ఇదే. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే ఆవిడ ఓదార్చలేదు, ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. ఏం జరిగింది, ఆ క్షణంలో తలలో అచ్చంగా ఏ మాట వచ్చింది, దానికి రుజువేంటి, దానికి ఎదురు రుజువేంటి, ఈ నాలుగూ రాయాలి. "బాధగా ఉంది" అని రాస్తే ఒప్పుకునేవారు కాదు, తిట్టు తిట్టులాగే రాయమనేవారు. ఈ పద్ధతికి మూలం 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు. తన దగ్గరికి వచ్చేవాళ్ల తలలో వాళ్లకే సరిగా తెలియకుండా ఇలాంటి మాటలు టకటకా వచ్చి పోతుంటాయని, మనిషి కుంగిపోవడంలో వాటి పాత్ర పెద్దదని ఆయన గమనించాడు.

నాది ఒకటి చెప్తా. కొత్త ఆఫీసులో మేనేజర్‌కి పెద్ద మెయిల్ పెడితే "సరే" అని ఒక్క ముక్క వచ్చింది. నా తల "వీడికి నా పని నచ్చలేదు, ఇది కూడా పోతుంది" అంది. రాసుకుని చూస్తే రుజువు గడిలో "సరే" తప్ప ఏమీ లేదు! ఎదురు రుజువు గడిలో, ఆయన అందరికీ అలాగే రాస్తాడని ఉంది. మొదటి రెండు వారాలు ఇది దండగ అనిపించింది, నిజం చెప్తున్నా. మూడో వారం నుంచి, మాట వచ్చిన వెంటనే "ఓహో, మళ్లీ వచ్చావా" అని గుర్తుపట్టడం మొదలైంది. మాట పూర్తిగా పోలేదు, కానీ అది చెప్పిందల్లా నమ్మడం తగ్గింది.

వెన్నెల77:
ఇంత కష్టం ఎందుకండీ, రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను గొప్పదాన్ని, నేను ఏదైనా సాధిస్తాను" అని పదిసార్లు అనుకోండి. నాకు పని చేసింది.

రాత్రిబండి:
వెన్నెల గారూ, మీకు పని చేసినందుకు సంతోషమే. కానీ అందరికీ అలా పని చేయదు. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోఆన్ వుడ్ బృందం 2009లో ఇదే పరీక్షించి చూసింది. తమ మీద తమకు నమ్మకం తక్కువున్నవాళ్లు "నేను ప్రేమించదగ్గ మనిషిని" అని పదేపదే అనుకుంటే, అలా అనుకోని అలాంటివాళ్ల కంటే వాళ్లకి దిగులే ఎక్కువైంది. నోరు ఒకటి అంటుంటే లోపల "అబద్ధం" అనిపిస్తుంది కదా మరి. "గొప్పదాన్ని" బదులు "ఒక స్టెప్ మర్చిపోయాను, అది నాకు వచ్చిన లెక్కే" అనుకోండి. ఇది నిజం కాబట్టి లోపలి మనిషి కాదనలేదు.

ఇంకొకటి. డెమో ముందు టెన్షన్ వచ్చినప్పుడు "నేను" అనకుండా మీ పేరు పెట్టి మీతో మీరే మాట్లాడుకోండి, మీ చెల్లెలికి చెప్పినట్టు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఈథన్ క్రాస్ బృందం 2014లో చేసిన ప్రయోగాల్లో, ఉపన్యాసం ముందు ఇలా మాట్లాడుకున్నవాళ్లకి కంగారు తగ్గింది, ఇంకాస్త బాగా మాట్లాడారు కూడా. నేను నర్సుని. నైట్ డ్యూటీలో కష్టమైన కేసు వచ్చినప్పుడు ఇప్పటికీ ఇదే చేస్తాను.

పాతబడి మాస్టారు:
అమ్మా, నేను 33 ఏళ్లు జిల్లా పరిషత్ బడుల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నువ్వు లెక్కల టీచరువి కాబట్టి లెక్కల భాషలోనే అడుగుతాను. "నాకు ఏదీ చేతకాదు" అన్నది ఒక ప్రవచనం, అంటే అన్నిటికీ వర్తిస్తుందని చెప్పే వాక్యం. అలాంటి ప్రవచనం తప్పని చెప్పడానికి ఎన్ని ప్రత్యుదాహరణలు, అంటే దానికి ఎదురు నిలిచే ఉదాహరణలు కావాలి? ఒక్కటి చాలు. ఐదేళ్లు పదో తరగతి పిల్లల్ని పబ్లిక్ పరీక్షలకు పంపావు, ఆ ఐదేళ్లూ ఎక్కడికి పోయాయమ్మా?

ఇంకో మాట. ఆ బాబు "ఆ పక్క 9 వేయలేదు" అన్నాడంటే ఏమిటి అర్థం? నువ్వు ఎందుకు 9 కలుపుతున్నావో వాడికి అప్పటికే అర్థమైంది! నేను ఎంతమంది డెమోలు చూశానో, బోర్డంతా తప్పు లేకుండా నిండుతుంది, వెనక పిల్లలు కిటికీలోంచి చూస్తుంటారు. బోర్డు దగ్గర తప్పు చేయని మాస్టారుని నేను చూడలేదు. తప్పు దొరికినప్పుడు "శభాష్, ఎందుకు వేయాలో నువ్వే చెప్పు" అని సుద్ద ఆ పిల్లవాడి చేతికివ్వు. ఈలోగా నువ్వు ఊపిరి తీసుకుంటావు, క్లాసుకి ఆ స్టెప్ జన్మలో మర్చిపోలేనంతగా గుర్తుంటుంది. ముందు ఫోన్ చెయ్యి తల్లీ. ధైర్యం వచ్చాక వెళ్దామని కూర్చుంటే అది రాదు, రెండు మూడు క్లాసులు చెప్పాక వస్తుంది.

కాగితంపడవ:
అందరూ బాగా చెప్పారు, కానీ నిద్ర పట్టడం లేదన్న మాట దాటేయకండి. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి నోట్‌బుక్ ఒక్కటే సరిపోదు. మా అక్కకి థైరాయిడ్ కూడా తోడైంది, అది సరిచేశాకే మనిషి తేరుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహమాటమైతే మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

సుద్దముక్క:
అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మాస్టారూ, "ఐదేళ్లూ ఎక్కడికి పోయాయమ్మా" అన్న దగ్గర ఏడ్చేశాను, తర్వాత లేచి పాత డైరీ తీశాను. నాలుగో సంవత్సరం పిల్లలు చివరి పేజీలో సంతకాలు పెట్టి ఇచ్చారు, 41 ఉన్నాయి. నోట్‌బుక్‌లో ఎదురు రుజువు గడిలో ఆ అంకె రాసుకున్నాను. ఇంకా ఆ మాట వస్తూనే ఉంది, పొద్దున పాలు పొంగినప్పుడు కూడా వచ్చింది, కానీ ఈసారి రాశాను. 14416 సేవ్ చేసుకున్నాను, నిద్ర ఇలాగే ఉంటే ఆదివారం మాట్లాడతాను.

ఆ స్కూల్‌కి నేనే ఫోన్ చేశాను. గురువారం రమ్మన్నారు, మళ్లీ వర్గ సమీకరణాలే అడిగి తీసుకున్నాను. పాపని సోఫాలో కూర్చోబెట్టి అల్మారా తలుపు మీద సుద్దతో రాస్తున్నాను, కావాలనే 9 వదిలేస్తే "టీచర్, ఆ పక్క!" అని అరవడం దానికి భలే సరదాగా ఉంది.