185/65 ఉన్న కారుకు 205/65 వేయిస్తే లాభమా, నష్టమా?

సత్తుపల్లి రోడ్డు:
అన్నలూ, మా హ్యాచ్‌బ్యాక్‌కు కంపెనీ టైరు 185/65 ఆర్15. నాలుగూ అరిగిపోయాయి. ఐదుగురం ఎక్కితే స్పీడ్ బ్రేకర్ల మీద కింద గీసుకుంటోంది. ఇదే రిమ్ముకు 205/65 వేస్తే బండి లేస్తుందని షాపులో అంటున్నారు. నాన్న మాత్రం కంపెనీ సైజు మార్చొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

గుంటూరు మిర్చి:
వేయించెయ్ తమ్ముడూ. నేను 195/65కు మారి రెండేళ్లయింది. గతుకుల్లో దెబ్బ తెలియట్లేదు. వానలో కూడా రోడ్డును గట్టిగా పట్టుకుంటోంది. కంపెనీలు సన్న టైర్లు ఇచ్చేది మైలేజ్ అంకె కోసం, మన రోడ్ల కోసం కాదు.

టైర్ల మేస్త్రి:
గుంటూరు తమ్ముడు వేయించిన 195, ఈ అబ్బాయి అడుగుతున్న 205 ఒకటి కావు. 185 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం టైరు పక్కభాగం ఎత్తు, ఆర్15 అంటే 15 అంగుళాల రిమ్ము అని. వెడల్పు పెరిగితే ఎత్తూ పెరుగుతుంది. 185/65 చక్రం మొత్తం ఎత్తు 621.5 మి.మీ., 195/65ది 634.5, 205/65ది 647.5. మొదటి మార్పు 2 శాతం, రెండోది 4 శాతం పైనే. స్విఫ్ట్‌నే చూడండి. 2018లో వచ్చిన మోడల్‌లో కింది వేరియంట్లకు 165/80 ఆర్14, పై వేరియంట్లకు 185/65 ఆర్15 ఇచ్చారు. రిమ్ము మారినా మొత్తం ఎత్తులో తేడా 2 మి.మీ.లే. కంపెనీ సైజు మారుస్తుంది, ఎత్తు మార్చదు.

205 వేస్తే పెరిగే 26 మి.మీ.లో సగమే బండిని లేపుతుంది. 13 మి.మీ., అంటే వేలెడు మందం. దానికోసం ఏం పోతుందో చూడండి. ఇప్పుడు 100లో పోయే బండి, మీటరు అదే 100 చూపిస్తుండగా 104లో పోతుంది. పికప్ తగ్గుతుంది. నిండు బండితో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరు చాలక రెండోది అడుగుతుంది.

పోయిన నెల ఒక కారు వచ్చింది. ముందు చక్రం పైనుండే ప్లాస్టిక్ లైనర్ నెలవంకలా అరిగి నల్లగా మెరుస్తోంది. షాపు ముందు స్టీరింగ్ మొత్తం తిప్పితే ఎక్కడా తగల్లేదు. నలుగురిని ఎక్కించి గుంటలో దించి తిప్పితే తగిలింది.

గుంటూరు మిర్చి:
నాకు అలాంటిదేం లేదు. మైలేజ్ మాత్రం 19 నుంచి 18కి వచ్చింది, అంతే.

టైర్ల మేస్త్రి:
195ను నేను తప్పనను. రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలుంటే సరిపోతుంది. మీ 18 కూడా నిజానికి 18.4. పెద్ద చక్రం తక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి మీటరు 100 కి.మీ. అంటే మీరు 102 పోయినట్టు. వాన సంగతి మాత్రం ఒప్పుకోను. తడి రోడ్డు మీద సరే, నిలిచిన నీళ్లలో వెడల్పు టైరే ముందు తేలుతుంది.

మియాపూర్ నుంచి:
ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు మేస్త్రి గారూ. నేను 17 అంగుళాల రిమ్ములకు 205/45 వేయించాను. ఎత్తు 616, మీటరు దాదాపు సరిగ్గానే ఉంది. కానీ టైరు పక్కభాగం 120 మి.మీ. నుంచి 92కి తగ్గింది. నాలుగో నెలలో ఒక గుంటకు పక్కన నిమ్మకాయంత ఉబ్బొచ్చింది. లోపల దారాలు తెగాయి, ఇక పారేయాల్సిందే అన్నారు.

సత్తుపల్లి రోడ్డు:
మరి స్టెపినీ? అది పాత 185/65నే కదా.

టైర్ల మేస్త్రి:
మంచి ప్రశ్న. ముందు ఒక పక్క చిన్నది, ఒక పక్క పెద్దది ఉంటే రెండు చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె, అదే డిఫరెన్షియల్‌, దానికి విశ్రాంతి ఉండదు. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ చక్రాల వేగాలు పోల్చుకుంటుంది, లైటు వెలగొచ్చు. ఏ సైజు కొన్నా లోడ్ నంబరు తగ్గనివ్వకు. టైరు మీద 88 ఉంటే ఒక్కో చక్రం 560 కిలోలు మోస్తుందని. అసలు ఆ గీసుకోవడం మొదటి నుంచీ ఉందా? లేకపోతే వెనక స్ప్రింగులు చూపించు.

సత్తుపల్లి రోడ్డు:
మొదట్లో లేదండి. బండి 78 వేలు తిరిగింది. ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను. వెనక చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కుడివైపు కంటే ఎడమవైపు 2 సెం.మీ. తక్కువుంది. రేపే స్ప్రింగులు విప్పిస్తా.

గుంటూరు మిర్చి:
విప్పించు తమ్ముడూ, అది మేస్త్రి గారు పట్టుకున్నారు. టైర్లు మాత్రం ఎలాగూ కొంటున్నావు కదా, 195 వేయించు. నా మాట అదే.